నోట్లో నూనె ఉండగా

మార్లిస్‌కి నేను మొదట నేర్పింది ఊపిరి వదలడం. నిప్పు సంగతి చాలా తర్వాత.

చలికాలమంతా, జాతర మైదానం వెనక ట్రైలర్ల మధ్య, ఆమెను మడత కుర్చీలో కూర్చోబెట్టి గుడ్డ చుట్టిన కడ్డీ చేతికిచ్చేవాణ్ణి. దానికి నిప్పూ లేదు, నూనే లేదు. తల వెనక్కి వాల్చాలి. నాలుక వెడల్పుగా పరచాలి. ఊపిరి సన్నగా బయటికి వదులుతూ కడ్డీని నోట్లోకి దించి పెదాలు మూసెయ్యాలి. గాలి అందక మంట దానంతటదే చస్తుంది. ఏం జరిగినా ఊపిరి లోపలికి పీల్చకూడదు. కాలిన పెదవి నాలుగు రోజుల్లో మానుతుంది. ఊపిరితిత్తుల్లోకి దిగిన నూనెను తోడి తీసేవాడు లేడు.

నేను తిరుగుడు సర్కసు డేరాల్లో పుట్టి పెరిగినవాణ్ణి. అలా పోయిన మనిషిని ఒకణ్ణి చూశాను. ఆ సంగతి మార్లిస్‌కి ఒకసారి చెప్పాను. మళ్ళీ అడగలేదు. మరునాటి నుంచి గంటల తరబడి కుర్చీలో కూర్చుని కొవ్వొత్తి ముందు ఊపిరి వదులుతూ ఉండేది. మంట వంగాలి, ఆరకూడదు. అంత సన్నగా.

మాది రాజుల కాలం వేషం కట్టిన ఊరు. టెక్సస్ పైన్ చెట్ల మధ్య చెక్కతో కట్టిన కోట, అంగళ్ళు, బురద దారులు. వసంతం నుంచి ఎండాకాలం దాకా శని, ఆదివారాలు గేట్లు తెరుస్తారు. జనం టిక్కెట్టు కొనుక్కుని వచ్చి టర్కీ కోడి కాళ్ళు కొరుక్కుంటూ గుర్రాల మీద బల్లేల పోట్లాటలు, కత్తులు మింగేవాళ్ళ ఆటలు చూసి పోతారు. గేటు దాటాక మాకు వేషం పేర్లే. ఏళ్ళ తరబడి ఒకే పొయ్యి దగ్గర తిన్నవాళ్ళకి కూడా ఒకరి అసలు పేరు ఒకరికి తెలియదు. లోపల అసలు పేరుతో పిలవడం మాలో పెద్ద తప్పు. నన్ను ముంగి అంటారు. నోరు తెరవనని.

మార్లిస్ మొగుడు వెండెల్. అతని వేషం పేరు సర్ నిదానం. మనిషి వెదురు బొంగులా పొడుగు, మొహమంతా నోరే. నవ్వించడం అతని పని. ఒక్క కనుబొమ్మతో ఐదు వందల మందిని నవ్వించగలడు. నవ్వు రాని రోజు అన్నం తినడు.

"ఉత్త నిప్పు తింటే ఎవడు చూస్తాడు, పెద్దాయనా," అన్నాడు ఆ చలికాలంలో ఒకరోజు, బీన్స్ డబ్బాలోంచి చెంచాతో తింటూ. "ఏ జాతరకి పోయినా నిప్పు తినేవాడు ఒకడున్నాడు. చొక్కా విప్పుతాడు, కండలు చూపిస్తాడు, డప్పు కొట్టించుకుంటాడు. మనకి కథ కావాలి."

"నేనూ చొక్కా విప్పుతా. చూడరా?" అంది మార్లిస్.

"చూస్తారు. పోలీసోళ్ళు కూడా వచ్చి చూస్తారు."

"నీలాగ ఊరికే కూర్చోకుండా వాళ్ళైనా చప్పట్లు కొడతారేమోలే."

కథ ఆమెకే తట్టింది. పెళ్ళికి ముందు ఆమె లారీ డ్రైవర్లు ఆగే హోటల్లో వంట చేసేది. కాబట్టి ఆటలో రాజుగారి వంటమనిషి బెర్తా అయింది. రాజుగారికి ఏ వంటా కారంగా ఉండదు. బెర్తా ఒక్కో వంటకాన్ని ముందు తానే రుచి చూస్తుంది. మొదట చిన్న దివిటీ, అది రొట్టె. తర్వాత ఇనప ఊచకు గుచ్చిన మూడు మంటలు, అది మాంసం. చివర డ్రాగన్ పులుసు. గరిటెతో దీపాల నూనె నోట్లో పోసుకుని, పట్టుకుని, దివిటీ మీదకి ఊదితే మంట స్టేజీ పైకప్పు దాకా లేస్తుంది. సర్ నిదానం రాజుగారి నమ్మకస్తుడు. విషం ఉందేమో చూడాల్సినవాడు. ప్రతి వంటకానికీ భయపడి ఆమె వెనక దాక్కుంటాడు.

మధ్యలో ఒక చోట బెర్తాకి నోరు కాలినట్టు నాటకం. కాళ్ళు టపటపా కొడుతూ స్టేజీ అంతా గంతులేస్తుంది. సర్ నిదానం నీళ్ళు తేవడానికి వెళ్తాడు. ముందు ఈక తెచ్చి విసురుతాడు. తర్వాత చెంచాలో నీళ్ళు పట్టుకుని అడుగులో అడుగు వేసుకుంటూ వస్తూ, దారిలో తానే తాగేస్తాడు. ఆ తర్వాత ముందు వరసలో ఎవరినో, "అమ్మా, ఈవిడ మీకేమైనా అవుతుందా, ఆర్పమంటారా?" అని అడుగుతాడు. రిహార్సల్ చూసిన కుమ్మరి, కమ్మరి అందరూ పడిపడి నవ్వారు.

నా పని స్టేజీ పక్కన. గోనె రంగు క్రైస్తవ సన్యాసి అంగీ వేసుకుని, నీళ్ళ తొట్టి పక్కన ముక్కాలిపీట మీద కూర్చోవాలి. తొట్టిలో నానేసిన ఉన్ని దుప్పటి ఉంటుంది. నిజంగా అంటుకుంటే వెళ్ళి ఆర్పాలి.

"నిజమో ఆటో నాకెలా తెలుస్తుంది?" అన్నాను.

అందుకని ఒక గుర్తు పెట్టుకున్నాం. గరిటెతో ఇనప పెనం మీద టకటకా కొడితే నిజం. ఆ పెనం మార్లిస్ అమ్మమ్మది. ఆటలో అదొక్కటే వేషం కాని వస్తువు.

మార్చిలో జాతర మనుషుల ముందు మొదటిసారి ఆడినప్పుడు ఊచ వేడెక్కి చెయ్యి చురుక్కుమంది. మార్లిస్ పెనం మీద కొట్టింది. నేను దుప్పటి తీసుకుని లేచేలోపలే సర్ నిదానం జనం వైపు తిరిగి, "భోజనాల గంట కొట్టారు, పదండి," అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. మార్లిస్ చెయ్యి విదిలించుకుని ఆట సాగించింది.

సాయంత్రం వెండెల్ పళ్ళికిలిస్తూ వచ్చాడు. "ఆ పెనం ఉంచేద్దాం. ఎంత నవ్వారో విన్నావా?"

"అది గుర్తు," అన్నాను.

"గుర్తు ఇంకోటి పెట్టుకుందాం. తల మీద టోపీ తీసి కింద కొట్టడం. సరేనా?"

మాలో ఒక పద్ధతి ఉంది. నవ్వు పడిందంటే అది ఆటలో ఉండాల్సిందే. దాన్ని పారేసినవాణ్ణి వెర్రివాడంటారు. పెనం ఆటలో చేరింది. రెండు వారాలు తిరగకముందే టోపీ కూడా చేరింది. ఒకరోజు నిప్పురవ్వ పడి మార్లిస్, జుట్టు అంటుకోకుండా తడిపి పెట్టుకున్న టోపీ లాగి నేలకి కొడితే, సర్ నిదానం దాన్ని తీసి తన నెత్తిన పెట్టుకుని, నీళ్ళు మొహమ్మీద కారుతుంటే చలికి వణికాడు. నాకే నవ్వొచ్చింది.

మూడో గుర్తు వెండెల్ ఆలోచించాడు. "పేరు. స్టేజీ మీద అసలు పేరు ఎవరూ అనరు కదా. ఆమె నన్ను వెండెల్ అని పిలిచిందంటే నిజం. అది ఎప్పటికీ ఆటలోకి రాదు. ఆ పేరుకి మా అమ్మే నవ్వలేదు."

"నోట్లో నూనె ఉన్నది పేరెలా పిలుస్తుంది?"

అతను కాసేపు గడ్డం గోక్కున్నాడు. "నూనె నోట్లో ఉన్నంతసేపు నేను పక్కనే ఉంటా. ఇంత దూరం. అప్పుడు నేననే మాట ఒకటే కదా. 'రాజుగారూ, పులుసు సిద్ధం.' దానికి పిల్లి కూడా నవ్వదు."

మార్లిస్ ట్రైలర్ మెట్ల మీద కూర్చుని ఊచకు కొత్త గుడ్డ చుడుతోంది. తల ఎత్తకుండానే అంది, "పెనం మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి."

"ఏమని?"

"నా నోట్లో నూనె ఉండగా ఆ మాట తప్ప ఇంకోటి అననని. ఒక్క అక్షరం కూడా. నవ్వితే ఊపిరి ఎటు పోతుందో నీకు తెలుసుగా."

"లోపలికి," అన్నాడు వెండెల్, బళ్ళో పిల్లాడిలా.

"వెయ్యి."

పెనం మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. చేతికంటిన మసి ఆమె ముక్కుకి రాశాడు.

లొరెట్టా అని, జాతరలో ఆటలన్నీ చూసుకునే ఆవిడ ఉంది. గేట్లు తెరవడానికి ముందు ఆట చూడటానికి వచ్చింది. ఆవిడకి నచ్చితే చిన్న స్టేజీ నుంచి అన్నిటికన్నా పెద్దదైన రాణి స్టేజీకి మారుస్తుంది. ఆ రోజు నోరు కాలే నాటకంలో మార్లిస్ గంతులేస్తూ ఉన్నట్టుండి రెండు కాళ్ళూ కదపకుండా నిలబడిపోయింది. నాకు అనుమానం వేసింది. దుప్పటి పట్టుకుని స్టేజీ ఎక్కాను. ఏమీ లేదు. చెప్పులో మేకు గుచ్చుకుంది. ఆట ఆగిపోయింది. లొరెట్టా కాఫీ గ్లాసుకి మూత పెట్టుకుని, "ఎండాకాలం చూద్దాం," అని వెళ్ళిపోయింది.

వెండెల్ నా మీద మొదటిసారి అరిచాడు. "పేరు విన్నావా? వినలేదుగా. మరెందుకు లేచావు? పేరు వినకుండా కదిలితే నీ పీటకి మేకులు కొట్టి కూర్చోబెడతా."

అతను వెళ్ళాక మార్లిస్ వచ్చి తొట్టిలో దుప్పటి సర్దింది. "పేరు గొడవ వాడిది. నువ్వు నా కాళ్ళే చూడు. ఇవాళ చూసినట్టే."

"సరే."

"మేకైనా సరే, లేచి రా."

ఆటలో కాళ్ళు ఎప్పుడూ ఆడుతూనే ఉంటాయి. ఊపిరి ఆడని మనిషి కాళ్ళు ఆడవు. సర్కసులో ఆనాడు నేను చూసింది అదే. ఆమెకి ఆ సంగతి చెప్పింది ఒక్కసారే అయినా గుర్తుపెట్టుకుంది.

గేట్లు తెరిచిన శనివారం పొద్దున్నే వాన కొట్టి పోయింది. బల్లలు తడి. జనం గొడుగులు పట్టుకుని, తడిసిన బట్టలతో, మొహాలు ముడుచుకుని కూర్చున్నారు. గాలి మాత్రం లేదు. నేను ఒక గుడ్డపీలిక కర్రకి కట్టి చూసి, ఆడొచ్చు అన్నాను.

బల్లల వెనక లొరెట్టా వచ్చి నిలబడింది. ఎండాకాలం దాకా ఆగలేదు. వెండెల్ ఆవిణ్ణి చూశాడు. చూసిన దగ్గర్నుంచి అతని గొంతు ఒక మెట్టు పెరిగింది.

రొట్టెకి అరకొర చప్పట్లు. మాంసానికి కొంచెం నయం. పెనం మోగింది, భోజనాల గంట అన్నాడు, నలుగురు నవ్వారు. టోపీకి ఇంకో పదిమంది. చెంచా నీళ్ళు, ఈక, ముందు వరస ఆవిడ, అన్నీ అయ్యాయి. ఎక్కడో పసిపిల్ల ఏడుపు వినిపిస్తోంది. అంత చప్పగా ఉంది. వెండెల్ మెడ మీద చెమట నాకు పీట దగ్గర్నుంచే కనిపిస్తోంది. మార్లిస్ మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. అంత శుభ్రంగా నిప్పు తినడం నేను ఎవరి దగ్గరా చూడలేదు.

చివరికి పులుసు వచ్చింది. ఎడమ చేతిలో దివిటీ. కుడి చేత్తో గరిటె ఎత్తి నూనె నోట్లో పోసుకుంది. బుగ్గలు నిండాయి. ముక్కుతో నిదానంగా ఊపిరి వదులుతూ నిలబడింది.

సర్ నిదానం ముందుకొచ్చాడు. "రాజుగారూ," అన్నాడు. అక్కడ ఆగాడు. లొరెట్టా వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"పులుసుకి ముందు దీవెన కావాలి. ఇదిగో, సన్యాసి మన దగ్గరే ఉన్నాడు. ఫాదర్, ఒక్క రెండు మాటలు." చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నా వైపు వంగి చాలాసేపు ఎదురుచూశాడు. "వద్దులే. ఈయన రెండో మాట అనేసరికి పులుసు గడ్డకడుతుంది."

జనం నవ్వలేదు. నేనెవరో వాళ్ళకి తెలియదు.

మార్లిస్ నవ్వింది.

భుజాలు ఒక్కసారి ఎగిరాయి. చలికాలమంతా నాతో కూర్చుని, నేను రెండో మాట అనే దాకా కాచుకున్న మనిషి ఆమె. నవ్వు ఆపుకోవాలని కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆగలేదు. ముక్కులోంచి నూనె వచ్చింది. తర్వాత ఆ ఊపిరి లోపలికి పోయిన చప్పుడు విన్నాను.

దివిటీ జారి ఆమె వంట అంగీ మీద పడింది. ఆమె గరిటెతో పెనం మీద కొట్టింది. టకటకా. జనం నవ్వారు. టోపీ లాగి నేలకి కొట్టింది. ఇంకా నవ్వారు. వెండెల్ మొహం విప్పారింది. తన మాట పడలేదని ఆమె ఆట అందుకుని తనను గట్టెక్కిస్తోంది అనుకున్నాడు. ఆ టోపీ తీసి నెత్తిన పెట్టుకుని వణకడం మొదలుపెట్టాడు. ఆమె అతని వైపు తిరిగి నోరు తెరిచింది. పెదాలు పేరు పలికాయి. గొంతు రాలేదు. నూనె గడ్డం మీదుగా కారింది. వెండెల్ ఈక కోసం వెళ్ళాడు.

ఆమె కాళ్ళు కదలడం లేదు.

నేను అప్పటికే దుప్పటితో మెట్ల మీద ఉన్నాను. తడి ఉన్ని బరువు. అంగీ కాళ్ళకి అడ్డంపడి మోకాళ్ళ మీద పడ్డాను. ఆ రోజంతటికీ పెద్ద నవ్వు అప్పుడు వచ్చింది. బల్లలు చరిచారు. పాక్కుంటూ వెళ్ళి దుప్పటి ఆమె మీద కప్పి, కిందికి లాగి, మంట అణిచాను. మంట పెద్దది కాదు. నార గుడ్డ కదా, అంచు వరకే కాలింది. ఆమెను పక్కకి తిప్పి పడుకోబెట్టాను. మొహం నీలంగా ఉంది.

నెత్తి మీద వెండెల్ గొంతు వినిపించింది. "రాజుగారూ, మఠం వాళ్ళు భోజనానికి వచ్చారు. పరుపు వాళ్ళే తెచ్చుకున్నారు."

మళ్ళీ నవ్వులు.

"వెండెల్," అన్నాను.

నేను ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడలేదు. అతని చేతిలో ఈక ఉంది. పెద్ద నెమలి ఈక. అది పట్టుకునే నా వైపు చూశాడు. మొహంలో సర్ నిదానం ఇంకా పోలేదు. నవ్వు నోటి దగ్గరే ఉంది, కళ్ళలో మాత్రం లేదు.

"వెండెల్," అన్నాను మళ్ళీ.

ఈక వదిలేసి మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

మా గుర్రాలవాళ్ళు తెర దించారు. జనం ఆట అయిపోయిందనుకున్నారు. చాలామంది లేచి చప్పట్లు కొట్టారు. డబ్బుల కోసం స్టేజీ అంచున వేరే టోపీ ఒకటి పెట్టడం మా అలవాటు. అది ముందే అక్కడ ఉంది. వరసగా వచ్చి అందులో డబ్బులు వేసి వెళ్ళారు. "ఆ ముసలి సన్యాసి భలే చేశాడు," అని ఒకాయన తన భార్యతో అనడం తెర అవతల నుంచి వినిపించింది.

గడ్డి మీదకి తెచ్చాక మార్లిస్‌కి ఊపిరి అందింది. కక్కుకుంది. దగ్గింది. కాసేపటికి లేచి కూర్చుంది కూడా. వెండెల్ ఆమె మొహం తుడుస్తూ ఏడుస్తున్నాడు.

"బానే ఉన్నా," అంది. గొంతు బొంగురు. "లొరెట్టా చూసిందా?"

"చూసింది," అన్నాడు వెండెల్.

"ఏమంది?"

"ఏం మాట్లాడకు."

నా వైపు చూసి నవ్వబోయింది, దగ్గు వచ్చింది. నేను అంబులెన్సు వాళ్ళతో నూనె లోపలికి పోయిందని చెప్పాను. వాళ్ళు ఆమె కూర్చుని మాట్లాడటం చూసి, పెదాలకి మందు రాశారు. నేను మళ్ళీ చెప్పాను. అప్పుడు ఎక్కించుకున్నారు.

సర్కసు మనిషికీ ఇలాగే జరిగింది. వాడూ మొదట లేచి కూర్చున్నాడు, సూప్ తాగాడు. సాయంత్రానికి జ్వరం వస్తుందని, పక్కలో పొడుస్తుందని నాకు తెలుసు. ఆసుపత్రిలో ఆ వరసలోనే అన్నీ వచ్చాయి. ఆదివారం ఆమెకి గొట్టం వేసి మిషను పెట్టారు. ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు. వారం మధ్యలో ఒకరోజు నేను మంచం పక్కన కూర్చుని ఉండగా ఆమె పాదం పట్టుకున్నాను. చల్లగా ఉంది. కాలి వేళ్ళు కదులుతాయేమోనని చూశాను.

మళ్ళీ శనివారం గేట్లు తెరవకముందే పోయింది.

ఆ రోజు జాతర ఆపలేదు. ఆపరు. గేటు దగ్గర ఫిరంగి పేల్చే ముందు అందరూ ఒక నిమిషం టోపీలు తీసి నిలబడ్డారు. బెర్తా, బెర్తా అనుకున్నారు. వాళ్ళకి తెలిసిన పేరు అదే. మా స్టేజీ మీద ఎవరో గారడీవాణ్ణి పెట్టారు.

మధ్యాహ్నం నేను స్టేజీ వెనక తొట్టిలో నీళ్ళు పారబోసి బోర్లించాను. దుప్పటి తీగ మీద ఆరేశాను. వెండెల్ వచ్చాడు. మామూలు చొక్కా, ప్యాంటు. గేటు లోపల అతన్ని అలా చూడటం అదే మొదలు. చేతిలో పెనం ఉంది. బోర్లించిన తొట్టి మీద కూర్చుని పెనాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. అవతల గారడీవాడికి జనం చప్పట్లు కొడుతున్నారు.

"ఆ రోజు ఆట ఎవరో ఫోన్లో తీశారు," అన్నాడు. "చూశాను."

నేను దుప్పటి మడతలు సరిచేశాను.

"ఆ దీవెన మాటకి జనం నవ్వలేదు కదా."

"లేదు."

"ఆమె ఒక్కతే."

"ఊఁ."

పెనం మసి వేలితో గీకుతూ కూర్చున్నాడు. గోళ్ళు నల్లబడ్డాయి. ఒట్టు సంగతి ఎత్తుతాడేమో అనుకున్నాను. ఎత్తలేదు.

"పెద్దాయనా. నువ్వు నాతో ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. ఆ మాట బావుందా?"

అతను తల ఎత్తలేదు. నా జవాబు వచ్చే దాకా కదిలేటట్టు లేడు. గారడీవాడు ఏదో అన్నాడు, జనం గొల్లున నవ్వారు. ఆ నవ్వు ఆగే దాకా ఆగాను.

"బావుంది," అన్నాను.

వెండెల్ తల ఊపాడు. తొట్టి మీంచి లేవలేదు. నేను వెళ్ళి దుప్పటి రెండో వైపు తిప్పి ఆరేశాను.